తీరిక పని కాయకమగునప్పుడు

ఇంటిపని ముగిసిన పిదప వసారాలో కూర్చుండి నూలుతో ఏదో యొకటి అల్లుట అనేక గృహములలో స్త్రీలకు అలవాటు. అల్లిన వస్తువు చుట్టాల పెండ్లికో, మఠములో పీఠముపై పరచుటకో పోవును. చూచినవారు మెచ్చి, “మాకును ఒకటి అల్లి పెట్టమ్మా, నూలు ఖరీదు ఇచ్చెదము” అందురు. వ్యాపారము ఈ మాటతోనే మొదలగును. పొరపాటును ఈ మాటలోనే ఉన్నది. నూలు ఖరీదు ఇచ్చెదమన్నారే గాని చేతికష్టమునకు ఇచ్చెదమని వారనలేదు. ఆమెయు అడుగలేదు.

ఈ పొరపాటు ఎంతదూరము పోగలదో పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురపు చరిత్ర తెలుపుచున్నది. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. ఆ లేసు విదేశములకు ఎగుమతియై వర్తకులకు ధనము నార్జించి పెట్టినది. జర్మన్ సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ స్త్రీల జీవితమును పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. దినమునకు ఆరేడు గంటలు అల్లినను వారికి ముట్టినది వ్యవసాయకూలికి నిర్ణయించిన కనీస వేతనముకంటె చాల తక్కువ. కారణమేమి? వారు ‘ఇల్లాండ్రు’, వారిది ‘తీరిక పని’ అని అందరు తలంచుటయే. ఆ పేరు చాటుననే వారి శ్రమ లెక్కకు రాకపోయినది. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరిపేరునకు రక్షణ కలిగినది. అంతమాత్రమున అల్లిన చేతికి వెల రాదు.

శరణుల దృష్టిలో తీరిక పని, అసలు పని అను భేదము కానరాదు. నులియ చందయ్య గడ్డితో త్రాళ్లు పేని, అమ్మి, ఆ సొమ్ముతో జంగమ దాసోహము జరిపెను. త్రాడు పేనుట చిన్నపని యని ఆయన దానిని ఉచితముగా పంచలేదు. వెల తీసికొన్నాడు గనుకనే దాసోహము సాగినది. కావున బంధువుల వద్ద వెల యడుగుటకు సిగ్గుపడ నక్కరలేదు. మఠమునకు సమర్పించునది వేరు. అది సంపూర్ణముగా సమర్పణయే కావలెను. సగము అమ్మకము, సగము భక్తి అను పద్ధతి ఇరువైపుల మాటపట్టింపులకు దారి తీయును.

అట్లని నోటికి వచ్చిన వెల చెప్పుటయు తగదు. రాలిన బియ్యమేరుట కాయకముగా గల ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ తెచ్చినప్పుడు, భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి అక్కడనే విడిచి రమ్మనెను. ఆ యిల్లాలికి తమకెంత చాలునో తెలియును. వెల కట్టువారికి కావలసినదియు ఆ ఎరుకయే, అది లెక్క వలన కలుగును.

ఒక ఉదాహరణము. బల్లపై పరచు లేసు గుడ్డకు నూలు 200 రూపాయలనుకొందురు గాక; అల్లుటకు 25 గంటలు. దానిని 600 రూపాయలకు అమ్మిన ఇల్లాలు 400 లాభమని సంతసించును. నిజమునకు అది లాభము కాదు, కూలి; అదియు గంటకు 16 రూపాయలు. గడియారము చూచి వ్రాసి యుంచకున్న ఈ సంగతి ఏండ్లు గడచినను తెలియదు. తెలిసిన పిదప వెల పెంచవచ్చును. కొనువారు లేనిచో నాలుగైదు గంటలలో ముగియు గుమ్మపు తోరణము వంటి చిన్న వస్తువునకు మారవచ్చును. పెద్ద గుడ్డను ముచ్చటకొరకు అల్లుకొనుట ఎవరును కాదనరు, కాని దానిని అంగడికి పంపరాదు.

అప్పు తొందరపడి చేయరాదు. 2015లో ఏర్పడిన ముద్రా పథకపు ‘శిశు’ తరగతిలో 50,000 రూపాయల వరకు బ్యాంకులు ఋణమిచ్చును. అయినను నూలుతో మొదలగు పనికి మొదటి యేట అంత అవసరముండదు. సగము సొమ్ము ముందుగా తీసికొని పని మొదలుపెట్టుట మేలు. ఒప్పుకొన్న దినమునకు ఇయ్యలేనిచో ముందే చెప్పవలెను. పెండ్లి ముగిసిన మరునాడు చేరిన తోరణమును ఎవరును కొనరు. ప్రతి నమూనాలో ఒకటి ఇంట నుంచుకొనవలెను. రెండవసారి అడిగినవారికి మొదటిదానివంటిదే కావలెను గదా! ఇంటిఖర్చుల డబ్బాలో ఈ సొమ్ము కలుపక వేరొక డబ్బాలో నుంచిన యెడల, తరువాతి నూలుచుట్టలకు ఎవరిని అడుగవలసిన పని యుండదు.