గోడలో చెమ్మ – ఇంట్లో ఉబ్బసం రోగి

మందులు వేళకు వాడుతున్నా మీ ఇంట్లో ఉబ్బసం రోగికి రాత్రిళ్లు దగ్గు, ఆయాసం తగ్గడం లేదా? అయితే మంచం పక్కనున్న గోడను ఒకసారి చూడండి. అవతల బాత్‌రూం ఉండి, ఇవతల సున్నం పెచ్చులూడుతూ, నల్లటి బూజు పడుతూ ఉంటే లోపల మురుగునీటి పైపు కారుతున్నదేమోనని అనుమానించాలి. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవారికి ఉబ్బసం, శ్వాసకోశ జబ్బుల ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాల్లో తెలిపింది.

చాలామంది పండుగ ముందు ఆ గోడకు మళ్లీ రంగు వేయిస్తారు. కొన్నాళ్లకే మచ్చ పైకి వస్తుంది. ఆ డబ్బేదో పైపుకే ఖర్చు పెట్టండి.

ముందుగా ఏ పైపు కారుతోందో తెలుసుకోవాలి. మచ్చ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, మూడు నాలుగు రోజులు ఆ బాత్‌రూం వాడకండి. అయినా మచ్చ గీత దాటి పెరుగుతుంటే కుళాయి పైపును అనుమానించాలి. అందులో ఎప్పుడూ నీరు ఉంటుంది కదా! మచ్చ ఆరడం మొదలుపెడితే, నాలుగైదు బకెట్ల నీళ్లు నేరుగా జాలీలోకి పోయండి. నేల మీద పోస్తే టైల్స్ సందుల్లోంచి దిగిన నీటిని పైపు లీకు అనుకుంటారు. గోడ మళ్లీ తడిస్తే లోపం మురుగు పైపుదే. తరచుగా అది జాలీ కింది ట్రాపు, పైపు కలిసే అతుకు దగ్గర ఉంటుంది.

గోడ పగలగొట్టే రోజున రోగిని బంధువుల ఇంటికి పంపండి. ఆ దుమ్ముకు ఆయాసం ఎక్కువవుతుంది. చెమ్మ దగ్గర స్విచ్ బోర్డు ఉంటే మెయిన్ ఆపకుండా ఎవరినీ ఉలి పట్టనివ్వకండి. పగిలిన పీవీసీ పైపు మీద సిమెంటు మెత్తి సరిపెట్టనివ్వవద్దు. ఆ ముక్కను కోసి తీసేసి, కొత్త ముక్కను కప్లర్లు, సొల్యూషన్‌తో అతికించాలి. అతుకు గట్టిపడ్డాక, గోడ మూయకముందే నీళ్లు పోయించి చూడండి. మేస్త్రి తొందరపెట్టినా ఒప్పుకోకండి.

బూజును పొడిగా గీకకండి. మాస్కు కట్టుకుని సబ్బునీళ్లతో తడిపి తుడవండి. బ్లీచింగ్ పౌడరును బాత్‌రూం కడిగే యాసిడ్‌తో ఎన్నడూ కలపవద్దు. వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఉబ్బసం రోగికైతే ప్రాణాపాయమే.

గోడ పూర్తిగా ఆరడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు రంగు వేయకండి, మంచాన్ని దూరంగా జరిపి కిటికీలు తెరిచి ఉంచండి. గోడ బాగయింది కదా అని ఇన్‌హేలర్ ఆపేయవద్దు. మందు తగ్గించాలో లేదో డాక్టరుగారే చెప్పాలి.