చెట్టు కింది లెక్క రాసి పెట్టు

కామారెడ్డి

బిడ్డా,

అమెరికాలో పదిహేడేళ్లకోసారి మట్టిలోంచి లేచే సికాడా పురుగుల వీడియో పంపినవు. మన మాచారెడ్డి అడవిలో అసుంటివి ఉన్నయా, డిగ్రీ ప్రాజెక్టు దాని మీద చేయొచ్చా అని అడిగినవు. తప్పకుండా చెయ్యి. కానీ ఇది ఒక్క ఎండాకాలంతో ఒడిసే పని కాదు. పట్టుకుంటే ఏండ్లకేండ్లు పట్టుకోవాలె. అందుకే ఫోన్‌లో చెప్పక కాయితం మీద రాస్తున్న.

నువ్వు చూసింది మాజిసికాడా జాతి. అందులో ఏడు రకాలు: మూడు పదిహేడేళ్లవి, నాలుగు పదమూడేళ్లవి. అన్నీ అమెరికా తూర్పు దిక్కే. కొమ్మల పెట్టిన గుడ్డు పిగిలి పిల్లపురుగు నేల మీద పడి, మట్టిలో దూరి, చెట్టు వేరుకు మూతి గుచ్చి రసం తాగుతది. ఆ రసం దాదాపు నీళ్లే, బలం తక్కువ. మెల్లగ పెరుగుతది. చివరి ఏడు వసంతంలో, జానెడు లోతు మట్టి 18 డిగ్రీల సెల్సియస్ దాకా వెచ్చబడంగనే అన్నీ ఒక్కతీరుగ పైకొస్తయి. ఎకరానికి పదిహేను లక్షల దాకా లెక్క తేలిన చోట్లున్నయి. పిట్టలు, ఉడుతలు కడుపు పగిలేటట్టు తిన్నా ఇంకా మస్తు మిగులుతయి, వంశం నిలిచేది ఆ మిగిలినవాటితోనే. పైన బతికేది నాలుగు నుంచి ఆరు వారాలు. 2024లో ఇల్లినాయిలో ఒక పదిహేడేళ్ల గుంపు, ఒక పదమూడేళ్ల గుంపు ఒకే ఏడు లేచినయి. ఆ రెండూ అంతకుముందు కలిసింది 1803లో. పదిహేడును పదమూడుతో గుణించి చూడు, 221.

భూమిలోపల ఏండ్లు ఎట్ల లెక్కపెట్టుకుంటయి? రిచర్డ్ కార్బన్, ఆయన తోటివాళ్లు 2000లో అచ్చేసిన ఒక పరీక్ష ఉంది. పదిహేనేళ్ల వయసు పిల్లపురుగులను పీచు చెట్ల వేర్ల మీదికి మార్చి, ఆ చెట్లు ఒకే ఏడులో రెండుసార్లు చిగురించేటట్టు చేసిండ్రు. పురుగులు ఏడాది ముందే పైకొచ్చినయి. చెట్టు ఎన్నిసార్లు చిగురిస్తే వాటికి అన్ని ఏండ్లు అన్నమాట. అందుకే మన టేకు ఎప్పుడు ఆకు రాల్చింది, ఎప్పుడు చిగురేసింది అన్నది కూడా నీ పుస్తకంలో ఉండాలె.

మన దగ్గర సికాడాలు ఏటా కూస్తయి కదా, ఇగ చూడనీకి ఏముందని అనుకోకు. ఏటా కూసేవి ఏడాదే బతుకుతయని కాదు. ఇసుంటి చాలా రకాల పిల్లలు కొన్నేండ్లు మట్టిలో ఉంటయి, ఒక్కో ఏడు ఒక్కో తరం లేస్తది గనుక మనకు ఎడం తెలియదు. మన దేశంలోనే నాలుగేళ్లకోసారి లేచేది ఒకటుంది. మేఘాలయలో రిభోయ్ జిల్లా, సైడెన్ ఊరి అడవిలో 2010, 2014, 2018, 2022లో వచ్చింది, అన్నీ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఏండ్లే. ఊరివాళ్లు రాత్రిపూట ఏరి వండుకుంటరు. క్రెమిస్టికా రిభోయి అని శాస్త్రంలో పేరు పడింది మాత్రం 2013లో. తిన్నవాళ్లకు దాని లెక్క ముందే తెలుసు.

నువ్వు కూడా మొదలు మనుషుల దగ్గరికి పో. గజ్యానాయక్ తండా దిక్కు ఇప్పపూలు ఏరేవాళ్లను, తునికాకు కొయ్యబోయే అవ్వలను అడుగు. ఆ పని నడిచేది సరిగ్గ సికాడా కూసే దినాల్లోనే, తెల్లారకముందు చెట్ల కిందికి చేరేది వాళ్లే. ఎక్కువ వచ్చిన ఏడు ఏదంటే తేదీ చెప్పరు, బిడ్డ పెండ్లయిన ఏడనో చెరువు తెగిన ఏడనో చెప్తరు. ఆ ఏడు ఏదో తేల్చుడు నీ పని. మనోళ్లకు ఈ చూపు ఎప్పటినుంచో ఉన్నది. ఆరుద్ర పురుగు కనవడితే కార్తె గుర్తుపడ్తరు. తొలి పెద్ద వానకు ఎర్ర గొంగళి రెక్కపురుగులు మట్టిలోంచి లేస్తయని తెలిసి పొలాల గట్ల మీద రాత్రి మంటలు పెడ్తరు. లేనిదల్లా రాసిపెట్టుడే.

రాసిపెట్టినందుకు నాకు బాగా నచ్చిన మనిషి బెంజమిన్ బానెకర్. 1731లో మేరీల్యాండ్‌లో పుట్టిన నల్లజాతి రైతు. 1749లో ఈ పురుగులు లేచినప్పుడు పడుచు పిల్లగాడు. పంటలను తిని పాడుచేస్తయనుకుని చంపవోయిండు, తన కష్టం వృథా అని తొందర్లోనే తెలుసుకున్నడు. 1766లో మళ్లీ చూసిండు, 1783లో మళ్లీ చూసిండు. 1800లో మళ్లీ వస్తయని లెక్కగట్టి రాసిండు. ఏ కాలేజీ లేదు, జీతమిచ్చినోళ్లు లేరు. ఒక్క చోట నిలబడి బతికిండు, తేదీ వేసిండు. ఈ పనిలో నీకు కావాల్సిన అర్హత అదే, అది నీకున్నది.

ఇంకో మాట, మీ బాపుకు నువ్వే చెప్పు. జేసీబీతో మన పొలం ఒడ్డు చదును చేయిస్తనంటున్నడట. ఆ ఒడ్డు మీద ఇప్ప, మోదుగ, వేప ఉన్నయి. మాను కొట్టకుండా ఉంచినా, వేరు చుట్టూ మట్టి పెకిలిస్తే లోపలున్న అన్నేండ్ల పిల్లపురుగులు ఒక్కపూటలో పోతయి. అమెరికాలో కనెక్టికట్‌లో ఉన్న ఒక పదిహేడేళ్ల గుంపు 1954 తర్వాత ఎన్నడూ కనవడలే. సంఖ్య పల్చబడితే పిట్టలకే సరిపోతయి, మళ్లీ లేవవు. గుంటెడు జాగ కలిసొస్తదని ఆ ఒడ్డును పోగొట్టుకోవద్దు. నేను కూడా వాడితో మాట్లాడుత, కానీ బిడ్డ మాట ఎక్కువ ఇంటడు.

పని ఇట్ల చెయ్యి. కొన్ని చెట్లు ఎంచుకో, ఏటా అవే చెట్లు. మాను మీద, కింది ఆకుల మీద అంటుకుని ఉండే కుబుసాలు లెక్కపెట్టి ఏరెయ్యి, లేకుంటే మళ్లీ అవే లెక్కలోకి వస్తయి. తోక కొన చూస్తే ఆడదో మగదో కుబుసంలోనే తెలుస్తది, మీ మేడం దగ్గర నేర్చుకో. వాన పడకముందే పొద్దున తిరుగు, వాన పడితే రాలిపోతయి. మొదటి కూత విన్న తేదీ, ఆఖరి కూత తేదీ, వాన పడ్డ తేదీ. ఏమీ కనవడని నాడు కూడా తేదీ వేసి సున్నా అని రాయి, ఆ సున్నాలే రేపు ఎడం చెప్తయి. అడవిలోకి పోవాలంటే ఫారెస్టోళ్లకు చెప్పి పో. చిరుత తిరిగే అడవి, చీకట్ల ఒక్కదానివే పోకు, తమ్ముడిని వెంట పెట్టుకో.

బానెకర్‌ను బొందపెట్టిన దినమే ఆయన ఇల్లు కాలిపోయింది. అంతకుముందే వేరే ఇంటికి చేరినందుకు ఆ పురుగుల లెక్క రాసిన నోటు పుస్తకం బతికింది. నువ్వు కూడా మృగశిర కార్తె దాటంగనే ప్రతి ఏడు ఒక నకలు తీసి నాకు పంపు, బీరువాలో పెడ్త. ఇంకొకటి మీ కాలేజీల ఇయ్యి. మొదటి పేజీలో ఊరి పేరు, మన పొలం సర్వే నంబరు, చెట్ల పేర్లు రాయడం మరువకు.

అమ్మను, బాపును, తమ్ముడిని అడిగిన్నని చెప్పు.

దీవెనలతో,
పెద్దబాపు