ముందు మూడో పిన్ను చూడు

మెట్టుగూడ, సికింద్రాబాద్

చి. చిన్నాకి,

హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ ఏది కొనమంటావని పది ఫొటోలు పంపావు. అన్నీ నల్ల డబ్బాలే, అన్నిటికీ ఒక గుండ్రటి నాబు. ఏది కొనాలో తర్వాత చూద్దాం గానీ, అసలు ఎందుకు కొంటున్నావో నాకు అర్థం కాలేదు. సౌండ్ చాలట్లేదని నువ్వు ఎక్కడా రాయలేదు. మౌసు కదిపినప్పుడల్లా చెవిలో చిరచిరమంటోందని రాశావు. అది బలం చాలని జబ్బు కాదురా, చెత్త కలిసిన జబ్బు. ఆంప్లిఫయర్‌కి వచ్చినదాన్ని పెంచడమే తెలుసు. పాటతోబాటు ఆ చిరచిరనీ పెంచి నీ చెవిలో పోస్తుంది.

ఆ చెత్త ఎర్త్ లేక వస్తోందేమోనని నా అనుమానం. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు నీ క్యాబినెట్ రేకు మీద చెయ్యి వేస్తే వేళ్లు జివ్వుమన్నాయి. నువ్వు నవ్వావు కూడా. కంప్యూటర్ పవర్ సప్లైలో కరెంటు గోలని ఎర్త్‌లోకి దింపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ దొరక్కపోతే అవి 230 వోల్టుల్లో సగం దాకా డబ్బా రేకు మీదికి ఎక్కిస్తాయి. వెళ్లే కరెంటు బహు స్వల్పం కనక చురుక్కుమని ఊరుకుంటుంది. బల్ల కిందికి వంగి చూశాను, నీ ఎక్స్‌టెన్షన్ బోర్డు రెండు పిన్నుల ప్లగ్గుతో గోడకి తగిలించి ఉంది. మూడో తీగ ఎక్కడికీ పోవడం లేదు. ఇక ఎర్త్ గొయ్యి సంగతి. మీ తాతగారు పెరట్లో బొగ్గూ ఉప్పూ వేయించి, ఎండాకాలం రోజూ బిందెడు నీళ్లు పోయించేవారు. ఇప్పుడు దాని మీద కరివేపాకు కుండీ ఉంది. కుండీకి పోసిన నీళ్లు కూడా కింద పళ్లెంలోనే ఆగిపోతున్నాయి.

ఇవాళ రాత్రి వీధి సద్దుమణిగాక అదే హెడ్‌ఫోన్‌ని ఫోన్‌కి పెట్టి అదే పాట విను. అక్కడ శుభ్రంగా ఉంటే తప్పు కంప్యూటర్‌ది. ఎర్త్ సరిచేశాక కూడా చిరచిర మిగిలితే, సౌండుని క్యాబినెట్ బయట తయారుచేసుకోవాలి. అంటే నీకు కావలసింది డాక్, డిజిటల్ అంకెల్ని సౌండు సిగ్నల్‌గా మార్చే సరంజామా. యూఎస్‌బీకి తగిలించే బొటనవేలంత డాంగిల్ కూడా డాకే. నీ 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి అది చాలు. నన్ను పిసినారి అనుకున్నా సరే.

మరి పెద్ద డబ్బా ఎవరికి? రేపు నువ్వు సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కొన్నావనుకో, దానికి వోల్టేజి కావాలి. అట్ట మీది అంకె చూసి మోసపోకు. 32 ఓమ్‌ల దగ్గర 600 మిల్లీవాట్లు అని రాస్తారు. ఆ వోల్టేజినే 300 ఓమ్‌లకి ఇస్తే దక్కేది 64. అదీ తక్కువేం కాదనుకో. పవరు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి అది కొంచెమే.

నాబు కన్నా నేను ముందు చూసేది అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే కరెంటు బయటికి పోయే దారిలో ఆంప్లిఫయర్ పెట్టే అడ్డు. రైల్వే సిగ్నల్, టెలికాం పని నేర్పే తార్నాక ఇరిసెట్‌లో మాకు నేర్పింది వేరు. 600 ఓమ్‌ల టెలిఫోన్ లైనుకి అవతలా 600 ఉండాలి, రెండూ సరితూగాలి. ఆ చాదస్తంతోనే ఇంట్లో పాత ఆంప్లిఫయర్‌కి నూరు ఓమ్‌ల రెసిస్టర్ నా చేత్తోనే తగిలించి, తబలా ముద్దముద్దగా ఎందుకు మోగుతోందా అని నెల్లాళ్లు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ఇక్కడ సరితూగడం కాదు, ఆంప్లిఫయర్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్‌దాంట్లో ఎనిమిదో వంతు మించకూడదు. నీ 32కి 4 ఓమ్‌లు దాటొద్దు. ఒకటిలోపు ఉంటే ఇంకా మంచిది.

పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే నీ హెడ్‌ఫోన్ నువ్వే పట్టుకెళ్లు. రోజూ వినేంత సౌండు పెట్టి, పాట ఆపి విను. బుస్సుమంటే అక్కడే వదిలెయ్. నాబు బాగా తగ్గించినప్పుడు ఒక చెవిలో ఎక్కువా ఒక చెవిలో తక్కువా వినిపించినా వద్దు, నువ్వు రాత్రిళ్లు వినేది ఆ సౌండులోనే.

ఇంకొకటి. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90కి వెళ్తే వారానికి 4 గంటలే. కుర్రతనంలో పాటలు గోడలదిరేలా పెట్టుకుని విన్నవాణ్ని, ఇప్పుడు నా ఎడమ చెవికి ప్రెషర్ కుక్కర్ విజిల్ సగమే వినిపిస్తోంది. మీ అత్తయ్యని అడుగు.

ఆదివారం పొద్దున్నే టెస్టరూ మూడు పిన్నుల ప్లగ్గూ తెస్తాను. ఈలోగా ఆ కుండీ జరిపి గొయ్యిలో రెండు బిందెలు నీళ్లు పొయ్యి. నేను వచ్చేదాకా ఏదీ ఆర్డరు పెట్టకు.

మీ మావయ్య