సీసా ధరావతు: డబ్బు ఎటు నుంచి ఎటు?

హెబ్బగోడి ఉదాహరణ

బెంగళూరు నగర జిల్లా ఆనేకల్ తాలూకాలో, హోసూరు రోడ్డు మీద ఉన్న పారిశ్రామిక పట్టణం హెబ్బగోడి. ఇదే రోడ్డున దక్షిణంగా సాగి అత్తిబెలె దాటితే తమిళనాడు మొదలవుతుంది. హెబ్బగోడిలో ఖాళీ మద్యం సీసాకు గుజరీ వ్యాపారి ఎంత కడితే అంతే. తమిళనాడులో సీసా వాపసు పథకం అమలవుతున్న జిల్లాల్లో మాత్రం టాస్మాక్ (ప్రభుత్వ మద్యం విక్రయ సంస్థ) దుకాణంలో సీసా తిరిగి ఇస్తే 10 రూపాయలు వస్తాయి. గాజులో తేడా లేదు. తేడా అంతా అమ్మకం నాడు ముందుగా వసూలైన ధరావతులోనే ఉంది.

నిర్వచనం, రకాలు

పానీయం ధరతో పాటు నిర్ణీత మొత్తాన్ని అదనంగా వసూలు చేసి, ఖాళీ సీసా లేదా డబ్బా తిరిగి వచ్చినప్పుడు ఆ మొత్తాన్ని పూర్తిగా చెల్లించడమే ధరావతు వాపసు పద్ధతి. ఇది పన్ను కాదు. మరో లక్షణం, వాపసు పొందే హక్కు కొన్నవారికే పరిమితం కాదు. రోడ్డు పక్కన సీసా ఏరినవారు తెచ్చి ఇచ్చినా డబ్బు చెల్లించాలి.

మళ్లీ నింపే సీసాలపై ధరావతు పాత వ్యాపార ఆచారం. కూల్‌డ్రింక్ గాజు సీసాను కొట్టు దగ్గరే తాగి ఇచ్చేయాలి, ఇంటికి తీసుకెళ్లాలంటే సీసా డబ్బు కట్టాలి అన్న కిరాణా కొట్టు నియమం తెలుగు ఊళ్లన్నిటికీ తెలిసిందే. సీసా కంపెనీది, దానికి విలువ ఉంది కనుక చట్టం అవసరం రాలేదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసా, అల్యూమినియం డబ్బా వచ్చాక ఆ ఆచారం చెదిరింది, చట్టం అవసరమైంది.

నేపథ్యం

ఉత్తర అమెరికాలో తొలి చట్టం కెనడాలోని బ్రిటిష్ కొలంబియాది (1970). అమెరికాలో ఆరెగాన్ 1971లో చట్టం చేసి 1972 నుంచి అమలు చేసింది. అక్కడ 5 సెంట్లుగా మొదలైన ధరావతు 2017లో 10 సెంట్లకు పెరిగింది. దక్షిణ ఆస్ట్రేలియా 1977లో, జర్మనీ ఒకసారి వాడే పాత్రలకు 2003లో ప్రారంభించాయి. జర్మనీలో ఈ ధరావతు 25 సెంట్లు.

డబ్బు ప్రవాహం

కేంద్రీకృత నమూనాలో ఉత్పత్తిదారు తాను మార్కెట్లోకి పంపిన ప్రతి సీసాకూ ధరావతును నిర్వహణ సంస్థకు జమ చేస్తాడు. ఆ మొత్తాన్ని ఉత్పత్తిదారు దుకాణదారు నుంచి, దుకాణదారు వినియోగదారు నుంచి రాబట్టుకుంటారు. ఖాళీ సీసా వచ్చినప్పుడు దుకాణదారు తన గల్లా నుంచి వాపసు ఇస్తాడు. నిర్వహణ సంస్థ అతనికి ఆ మొత్తంతో పాటు నిర్వహణ రుసుము కూడా చెల్లిస్తుంది. ఈ రుసుము చిన్న విషయం కాదు. సీసాలు లెక్కించాలి, నిల్వ చేయాలి, లారీ వచ్చేదాకా చోటివ్వాలి. తమిళనాడులో టాస్మాక్ సిబ్బంది వ్యక్తం చేసిన అభ్యంతరాలు కూడా పనిభారం, స్థలాభావం గురించే.

ఖర్చు ఎవరు భరిస్తారు?

ఆదాయ వనరులు మూడు: వాపసు కోరని ధరావతు, సేకరించిన పదార్థాల అమ్మకం, ఉత్పత్తిదారులు చెల్లించే రుసుము.

మొదటి దాన్ని లెక్కతో గుర్తుంచుకోవాలి. ఒక్కొక్కటి 10 రూపాయల ధరావతుతో 100 సీసాలు అమ్మితే వసూలయ్యేది 1,000 రూపాయలు. 70 సీసాలు తిరిగి వస్తే 300 రూపాయలు మిగులుతాయి. 95 వస్తే 50 మాత్రమే. అంటే పథకం ఎంత బాగా నడిస్తే ఈ వనరు అంతగా ఎండిపోతుంది. కనుక ఈ మిగులు మీదే ఆధారపడే పథకానికి సీసాలు తిరిగి రాకపోవడమే లాభం. ఈ మిగులు ఎవరికి చెందాలో చట్టం ముందే తేల్చాలి. మిచిగన్‌లో 75 శాతం రాష్ట్ర ప్రభుత్వానికి, 25 శాతం దుకాణదారులకు వెళ్తుంది. వికేంద్రీకృత నమూనా (ధరావతు ఒకే నిర్వహణ సంస్థ వద్ద జమ కాని పద్ధతి) ఉన్న జర్మనీలో అది పరిశ్రమ వద్దే ఉండిపోతుంది.

రెండో వనరు పదార్థాన్ని బట్టి మారుతుంది. అల్యూమినియానికి మంచి ధర, పెట్ ప్లాస్టిక్‌కు మధ్యస్థం, గాజుకు బరువు ఎక్కువ, రాబడి తక్కువ. తగ్గిన మేరకు ఉత్పత్తిదారుల రుసుము పూడుస్తుంది. నార్వేలో సేకరణ శాతం పెరిగేకొద్దీ పానీయాల పాత్రలపై పర్యావరణ పన్ను తగ్గి, 95 శాతం వద్ద సున్నా అవుతుంది; కంపెనీలు సీసాల వెంట పడటానికి ఇదే కారణం.

భారతదేశంలో

ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు 2016లో వచ్చాయి. 2022 ఫిబ్రవరి 16 నాటి విస్తరిత ఉత్పత్తిదారు బాధ్యత మార్గదర్శకాలు ధరావతు పద్ధతిని అనుమతించాయే గాని తప్పనిసరి చేయలేదు. మద్రాసు హైకోర్టు జోక్యంతో 2022 మేలో నీలగిరి జిల్లాలో టాస్మాక్ పథకం మొదలై, తరువాత ఇతర జిల్లాలకు విస్తరించింది. అదే నెలలో హైదరాబాద్ సంస్థ రీసైకల్ కేదార్‌నాథ్‌లో క్యూఆర్ కోడ్ అతికించిన ప్లాస్టిక్ సీసాలకు 10 రూపాయల ధరావతును అమలు చేసింది. గోవా 2024లో పథకాన్ని నోటిఫై చేసింది. కేరళలో 2025 సెప్టెంబరులో తిరువనంతపురం, కన్నూరు జిల్లాల మద్యం దుకాణాల్లో 20 రూపాయల ధరావతుతో ప్రయోగం మొదలైంది. తిరుమలలో ప్లాస్టిక్ నిషేధం తరువాత గాజు సీసా నీళ్లు కొన్న భక్తుడికి ఖాళీ సీసా ఇస్తే కొంత సొమ్ము వెనక్కి వస్తుంది.

సరిహద్దు సమస్య

ధరావతు కట్టని సీసాకు వాపసు చెల్లిస్తే నిధికి గండి పడుతుంది. మిచిగన్‌లో 10 సెంట్లు, పక్కనున్న ఒహాయోలో ధరావతే లేదు. బయటి సీసాలు తెచ్చి వాపసు కోరడం మిచిగన్‌లో నేరం. కర్ణాటకలో కొన్న సీసా అత్తిబెలె దాటినా ఇదే ప్రశ్న వస్తుంది. అందుకే సీసా మీద ప్రత్యేక గుర్తు ఉండాలి. ఒకే సీసాకు రెండుసార్లు వాపసు కోరే మోసాన్ని మాత్రం ఈ గుర్తు ఆపలేదు. దానికి ప్రతి సీసాకూ వేరే క్యూఆర్ కోడ్ కావాలి, ఒకసారి స్కాన్ అయ్యాక అది చెల్లకుండా పోవాలి.