ఆటల పెట్టె

పాఠ్యభాగ ప్రవేశిక

నాణేలను, తపాలా బిళ్ళలను, పుస్తకాలను సేకరించేవారు లోకంలో చాలామంది ఉన్నారు. కూర్చుని ఆడే ఆటల పటాలను, పలకలను సేకరించేవారు కొద్దిమందే. అటువంటి ఒక సేకరణను వర్గీకరిస్తూ, వేటిని దాచుకోవాలి, వేటిని ఇతరులకు ఇవ్వాలి అనే ప్రశ్నను రచయిత ఈ వ్యాసంలో చర్చించారు. ఆట ఎలా నిలుస్తుందో, ఎలా అంతరిస్తుందో విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సేకరించడానికి ఆసక్తి చాలు. సేకరించిన వాటిని ఏరి వేరుచేయడానికి వివేచన కావాలి. నా ఆటల పెట్టెలో చిన్నవి, పెద్దవి కలిపి నలభైకి పైగా ఆటలున్నాయి. గుడ్డపై కుట్టిన పచ్చీసు పటం, మధ్యకు మడిచే కొయ్య వామనగుంటల పలక, రంగు వెలిసిన వైకుంఠపాళి, చదరంగం, స్క్రాబుల్, మోనోపలీ, 1995లో జర్మనీలో వెలువడిన కాటన్ మొదలైనవి వాటిలో కొన్ని. పెట్టెలో ఇక చోటు లేదు. కొన్నింటిని ఉంచుకుని కొన్నింటిని పంచిపెట్టక తప్పదు. అయితే ఎంపికకు కొలమానం ఏది? వెలయా, వయస్సా, అందమా? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ ఆటలన్నింటినీ మూడు పర్యాయాలు మూడు విధాలుగా వర్గీకరించాను.

మొదటి వర్గీకరణ అదృష్టాన్ని, బుద్ధిబలాన్ని అనుసరించినది. వైకుంఠపాళిలో ఆటగాడు చేయగలిగింది పందెం వేయడమే. పడిన సంఖ్యను బట్టి కాయ నిచ్చెన ఎక్కుతుంది, లేదా పాము నోట పడుతుంది. చదరంగంలో పందేనికి చోటే లేదు. రెండు పక్షాల బలగం సమానం. ఫలితం ఆలోచనపైనే ఆధారపడుతుంది. అష్టాచెమ్మా ఈ రెండింటి నడుమ నిలుస్తుంది. నిలువునా అడ్డంగా ఐదేసి చొప్పున 25 గళ్ళు గల పటంపై నాలుగు గవ్వలు వేసి దీనిని ఆడతారు. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మా, అనగా 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అనగా 8. ఎంత పడుతుందన్నది గవ్వల చేతిలో ఉంటుంది. పడిన పందేనికి ఏ కాయను నడపాలన్నది మన చేతిలో ఉంటుంది.

బుద్ధికి పని చెప్పే ఆటలే ఉత్తమమైనవని, అదృష్టంపై నడిచేవి పసివారి కాలక్షేపాలని సాధారణంగా భావిస్తారు. ఆ లెక్కన పెట్టెలోనుంచి మొదట తీసివేయవలసింది వైకుంఠపాళినే. కాని ఆరేళ్ళ మనుమరాలు, డెబ్బై ఏళ్ళ నాయనమ్మ సరిసమానంగా పోటీపడగల ఆట ఇది. చదరంగంలోనైతే పెద్దవారు బిడ్డ సంతోషం కోసం కావాలని ఓడిపోవలసి వస్తుంది. ఆ సంగతి బిడ్డకు ఎంతోకాలం తెలియకుండా ఉండదు. వైకుంఠపాళిలో గెలుపోటములు రెండూ నిజమైనవే. ఒకరిపై ఒకరికి జాలి అవసరం లేని ఆట అది. అందువల్ల దానిని పక్కన పెట్టడానికి మనస్సు ఒప్పలేదు.

బలాబలాల విషయంలో పులిజూదం మరొక ఆలోచన కలిగిస్తుంది. పులులు 3, మేకలు 15, పటంలో కాయలు నిలిచే చోట్లు 23. పులి మేక మీదుగా అవతలి ఖాళీ చోటికి దూకి దానిని చంపుతుంది. మేకకు చంపే శక్తి లేదు. తోటి మేకలతో కలిసి పులుల దారులను మూసివేయడమే దాని శక్తి. వెనుక ఆసరా లేకుండా ముందుకు వెళ్ళిన మేక చనిపోతుంది. వెనుక మరొక మేక నిలిచినది బ్రతుకుతుంది. ఇరుపక్షాలకు సంఖ్య వేరు, నడక వేరు, లక్ష్యం వేరు. అయినా నేర్పరులు ఆడినప్పుడు గెలుపు ఎవరిదో ముందుగా చెప్పలేము. సుద్దతోనో బొగ్గుతోనో అరుగుపై గీసుకునే ఈ పటానికి వెల లేదు. కొలమానం వెల కాదని మొదటి వర్గీకరణలోనే తేలిపోయింది.

రెండవ వర్గీకరణ పుట్టిన చోటును బట్టి చేసినది. స్వదేశీ ఆటలను ఒకవైపు, విదేశీ ఆటలను మరొకవైపు ఉంచబోతే చాలా ఆటలు ఏ వైపునా కుదురుగా నిలవలేదు. లూడో పేరు పరాయిది. 1896లో అది ఇంగ్లండులో పేటెంటు పొందింది. దానికి మూలం మాత్రం మన పచ్చీసు. గవ్వలతో పడే 25 పందెమే ఆ ఆటకు పేరైంది. ఫతేపూర్ సిక్రీలోని అక్బరు కోట ప్రాంగణంలో నేలపై పరచిన పచ్చీసు పటాన్ని నేటికీ చూడవచ్చు. లూడోలో గవ్వలకు బదులు పాచిక వచ్చింది, గుడ్డకు బదులు అట్ట వచ్చింది. నాలుగు దిక్కులకు చాచిన చేతుల వంటి ఆకారం మాత్రం మిగిలింది.

వైకుంఠపాళిది కూడా ఇటువంటి ప్రయాణమే. మన పటాలలో నిచ్చెనలకు సద్గుణాల పేర్లు, పాములకు దుర్గుణాల పేర్లు, రాక్షసుల పేర్లు ఉండేవి. అందుకే దానికి పరమపద సోపాన పటమని మరొక పేరు. 19వ శతాబ్దం చివర అది ఇంగ్లండు చేరింది. అక్కడ తొలుత కొన్ని నీతులను నిలుపుకున్నా, క్రమంగా వాటిని విడిచి అంకెల గళ్ళతో మిగిలింది. ఆ రూపమే అచ్చయి మన బజారుకు తిరిగి వచ్చింది.

చతురంగం భారతదేశం నుండి పర్షియాకు, అరబ్బు దేశాలకు, అక్కడినుండి ఐరోపాకు వెళ్ళింది. మనం మంత్రి అని పిలిచే పావుకు అక్కడ రాణి అని పేరు. 15వ శతాబ్దం చివర దానికి ఈనాటి విస్తృతమైన నడక లభించింది. అలా మారిన చదరంగంలోనే మన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళ వయస్సులో గ్రాండ్‌మాస్టర్ హోదా పొందారు. 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ చదరంగ విజేతగా నిలిచారు. ఇది మనదా, పరాయిదా అని అడిగితే ఏమని చెప్పగలం?

ప్రయాణంలో ఆట రూపంతోపాటు అర్థం కూడా మారవచ్చు. అమెరికాకు చెందిన ఎలిజబెత్ మేగీ అనే మహిళ 1904లో ల్యాండ్‌లార్డ్స్ గేమ్ అనే ఆటకు పేటెంటు పొందారు. భూమి కొద్దిమంది చేతుల్లో చేరితే అద్దె చెల్లించేవారు ఎలా చితికిపోతారో చూపడం ఆమె ఆశయం. దాని నుండి రూపొందిన మోనోపలీని పార్కర్ బ్రదర్స్ సంస్థ 1935లో మార్కెట్టులోకి తెచ్చింది. అందులో ఎదుటివారు దివాలా తీసేవరకు ఆస్తులు కూడబెట్టడమే విజయం. స్థలాలు కొనడం, అద్దెలు వసూలు చేయడం మారలేదు. వాటి అర్థం తలక్రిందులైంది. పుట్టిన చోటు తెలిసినంత మాత్రాన ఆట స్వభావం తెలియదని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

మూడవ వర్గీకరణకు పెట్టెలోని దుమ్మే కొలమానం. ఏ ఆటను తరచుగా ఆడుతున్నాము, దేనిని ఏళ్ళతరబడి ముట్టుకోలేదు అని చూశాను. అన్నింటికంటె వెల ఎక్కువైన ఆటపైనే దుమ్ము ఎక్కువగా ఉంది. దానిని ఆడడానికి నలుగురైదుగురు కావాలి, మూడు గంటల తీరిక కావాలి. మా ఇంట ఆ రెండూ ఒకేసారి సమకూడడం అరుదు. మరొక సంగతి కూడా గమనించాను. ఆంగ్ల స్క్రాబుల్‌లో 100 బిళ్ళలుంటాయి. వాటిలో నాలుగైదు పోతే ఆట కుంటుపడుతుంది. వామనగుంటలలో చింతపిక్క పోతే వంటింట్లోనుంచి మరొకటి తెచ్చుకోవచ్చు. పలక విరిగితే నేలపై గుంటలు తీసుకోవచ్చు. వస్తువు లేకపోయినా నిలిచే ఆటలవి.

అయితే అటువంటి ఆటలకు ఒక ప్రమాదం పొంచి ఉంది. అచ్చుపెట్టెలో వచ్చే ఆటతోపాటు నియమాల కాగితం వస్తుంది. మన పాత ఆటల నియమాలు చాలావరకు పెద్దల నోటనే ఉన్నాయి. ఆ నోళ్ళు మూతపడితే పలక మిగులుతుంది, ఆట మిగలదు. ఇది ఊహ కాదు, చరిత్రలో జరిగినదే. 1922లో తెరచిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిలో సెనెట్ అనే ఆట పలకలు లభించాయి. వాటిపై 30 గళ్ళున్నాయి. కాని ఆ ఆటను సరిగ్గా ఎలా ఆడేవారో తెలిపే పూర్తి నియమాలు నేటికీ లభించలేదు. మెసొపొటేమియాలోని ఊర్ నగరంలో లియొనార్డ్ వూలీ జరిపిన తవ్వకాలలో సుమారు 4,500 ఏళ్ళనాటి అందమైన ఆటపలకలు బయటపడ్డాయి. వాటిది కొంత అదృష్టం. క్రీ.పూ. 177 నాటి బాబిలోనియా మట్టిఫలకంపై ఒక లేఖకుడు ఆ ఆట నియమాలను కొంతవరకు వ్రాసి ఉంచాడు. బ్రిటిష్ మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ దానిని చదివి ఆటకు మళ్ళీ ప్రాణం పోశాడు. ఒక రాజు సమాధి చేయలేని పనిని ఒక లేఖకుని మట్టిఫలకం చేసింది.

ఇది చదివిన తరువాత నా వామనగుంటల పలకను మరొకసారి పరిశీలించాను. ఏడేసి గుంటల వరుసలు రెండు. మా ఇంటి పద్ధతిలో గుంటకు ఐదేసి పిక్కలు పోస్తారు. ఒక గుంటలోనివి తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటి వేస్తూ పోవాలి. చేతిలోనివి అయిపోయినప్పుడు ఆ పక్క గుంటలోనివి తీసి పంచాలి. ఆ పక్క గుంట ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంటలోనివి ఆటగాని సొంతమవుతాయి. పొరుగింటివారిని అడిగితే పిక్కల లెక్క వేరుగా చెప్పారు. బంధువుల ఊరిలో మరొక పద్ధతి వినిపించింది. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కొక్క ఇంటిది ఒక్కొక్క పద్ధతి. వాటిని వ్రాసిపెట్టిన పుస్తకం మాత్రం ఏ ఇంటిలోనూ లేదు.

ఈనాడు లూడో, చదరంగం చేతిఫోనులో కూడా దొరుకుతున్నాయి. 2020లో కరోనా కట్టడి కాలంలో దూరదూరంగా ఉన్న ఆప్తులను ఫోను లూడో కలిపింది. ఆ మేలును కాదనలేము. కాని ఫోనులో నియమం యంత్రానికి తెలిస్తే చాలు, ఆడేవారికి పూర్తిగా తెలియనక్కరలేదు. కాయ చనిపోయిందా లేదా అన్న వాదం అక్కడ పుట్టదు. అరుగుపై ఆడేటప్పుడు ఆ వాదమే నియమాన్ని పదిమందికి గుర్తుచేస్తుంది. నలుగురు ఒక మాటకు కట్టుబడడం ఎలాగో పిల్లలు అక్కడే నేర్చుకుంటారు.

ఆలోచించగా తేలినది ఇది: ఆటలో సగం వస్తువు, సగం మనుషుల మధ్య ఒప్పందం. వస్తువును పెట్టెలో దాచవచ్చు. ఒప్పందాన్ని ఆడుతూ, నేర్పుతూ మాత్రమే కాపాడగలం. ఈ కొలమానంతో ఎంపిక సులభమైంది. దుమ్ముపట్టిన ఖరీదైన ఆటను విద్యార్థుల వసతిగృహానికి ఇచ్చాను; అక్కడ ఆడేవారికి కొరత లేదు. రెండేసి ఉన్న చదరంగం, లూడో సెట్లు సమీప పాఠశాలకు చేరాయి. మోనోపలీని ఉంచుకుని, దాని మూత లోపల మేగీ కథను వ్రాసిపెట్టాను. వైకుంఠపాళి, పచ్చీసు ఇంటిలోనే ఉన్నాయి. వామనగుంటల పలక పెట్టెలోనుంచి వసారాలోకి వచ్చింది. కొత్తగా పెట్టెలో చేరినది ఒక నోటుపుస్తకం మాత్రమే. అందులో పులిజూదం, దాడి, అష్టాచెమ్మా, వామనగుంటల నియమాలను, ఏ ఊరి పద్ధతి ఏదో తెలిపే వివరాలతో వ్రాస్తున్నాను.

విద్యార్థులారా! మీ ఇంట ఆటల పెట్టె ఉండకపోవచ్చు. ఆటలు తెలిసిన అమ్మమ్మో, తాతయ్యో, పొరుగింటి పెద్దమ్మో తప్పక ఉంటారు. వారి ఎదుట ఒక పటం గీసి, నాలుగు గవ్వలు పెట్టి, ఎలా ఆడేవారో చెప్పమని అడగండి. మొదట ఆడండి, తరువాత వ్రాయండి. ఆ ఆటను మీకంటె చిన్నవారు ఒకరికి నేర్పినప్పుడే ఆ పాఠం పూర్తవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

వివేచన – మంచి చెడ్డలను విడదీసి తెలుసుకోవడం
కొలమానం – కొలిచే సాధనం, ప్రమాణం
వెల్లకిల – పైకి తిరిగి ఉండునట్లు
సోపానం – మెట్టు
ఆసరా – అండ, ఆధారం
లేఖకుడు – వ్రాసేవాడు
వసారా – ఇంటి ముందరి పంచ

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. రచయిత తన ఆటలను ఏ మూడు విధాలుగా వర్గీకరించారు? వాటి నుండి గ్రహించిన విషయాలను వివరించండి.
2. ‘ఆటలో సగం వస్తువు, సగం మనుషుల మధ్య ఒప్పందం’ – ఈ అభిప్రాయాన్ని ఉదాహరణలతో సమర్థించండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. పులిజూదంలో మేకల బలం ఏమిటి?
2. మేగీ రూపొందించిన ఆట ఆశయం మోనోపలీలో ఎలా మారింది?
3. ఊర్ ఆట నియమాలు ఎలా తెలిశాయి?

III. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. అష్టాచెమ్మా పటంలో గళ్ళు ఎన్ని?
2. లూడోకు మూలమైన ఆట ఏది?
3. సెనెట్ పలకలు ఎవరి సమాధిలో లభించాయి?

IV. వ్యాకరణాంశాలు
1. సంధి: గెలుపోటములు = గెలుపు + ఓటములు – ఉత్వ సంధి
2. సమాసాలు: బుద్ధిబలం = బుద్ధి యొక్క బలం – షష్ఠీ తత్పురుష సమాసం
నాలుగు గవ్వలు = నాలుగు సంఖ్య గల గవ్వలు – ద్విగు సమాసం

V. పని
మీ ప్రాంతంలో ఆడే ఒక పాత ఆట నియమాలను పెద్దలనడిగి తెలుసుకుని, పటం గీసి, పది వాక్యాలలో వ్రాయండి.