పార్టీ వేరైతే స్నేహం పోవాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. చిన్ననాటి స్నేహితుడిదీ నాదీ చెరో పార్టీ. 2024 ఎన్నికల ఫలితాల రోజు వాట్సాప్ గ్రూపులో మాటామాటా పెరిగింది. అప్పట్నుంచి ఎదురుపడినా పలకరించడు. ఏం చేయాలి?

జవాబు: మన రాయలసీమలో పార్టీ అంటే చాలామందికి ఇంటి పరువు, ఊరి పట్టుదల కూడా. నాయకుణ్ణి అంటే తమనే అన్నట్టు బాధపడతారు. 2019లో రాష్ట్ర అసెంబ్లీలోని 175 సీట్లలో 151 వైసీపీవి. 2024లో 164 టీడీపీ కూటమివి. ఐదేళ్లకే తారుమారైనప్పుడు ఒకరి సంబరం మరొకరికి అవమానంగా తోస్తుంది. మీ స్నేహితుణ్ణి ఎక్కువగా నొప్పించింది నలుగురిలో పడిన మాటే కావచ్చు.

గ్రూపులో సర్దిచెప్పొద్దు. ఒంటరిగా కలవండి, లేదా ఫోన్ చేయండి. మీ అభిప్రాయం మార్చుకోనక్కర్లేదు. అన్న మాటకు మాత్రం క్షమాపణ చెప్పండి. "నీ ఓటు నీ ఇష్టం రా, అందరి ముందు అట్లా అనకుండా ఉండాల్సింది" అంటే చాలు. తొలి కలయికలో రాజకీయం ఎత్తకండి. పిల్లల గురించి, పంట గురించి అడగండి. వెంటనే కరగకపోతే ఒత్తిడి చేయకండి. వాళ్లింటి మంచిచెడులకు మాత్రం తప్పకుండా వెళ్లండి.

ఈ బాధతో మీకు రెండు వారాలకు మించి నిద్ర, తిండి సరిగా లేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతారు. లేదా మానసిక వైద్యుణ్ణి కలవండి. బెదిరింపులు వస్తే ఆలస్యం చేయక అత్యవసర నంబరు 112కు చెప్పండి.