శిశువు నోట భగవన్నామము

సాయంసంధ్యవేళ దీపము వెలిగించి, పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని భగవన్నామములను పలికించుట వైష్ణవ గృహములందు అనూచానముగా వచ్చుచున్న ఆచారము. మూడేండ్ల శిశువు 'కృష్ణా' యనుటకు 'కిట్టా' యనును. 'రాముడు' వాని నోట 'లాముడ'గును. వినువారికి అది ముద్దుగనే యుండును. ఐదేండ్లు నిండిన బాలుడు 'గోవిందా' యని స్పష్టముగా పలికియు, 'పుండరీకాక్షా' యనవలసినచోట 'పుండాక్షా' యని నడిమి అక్షరములను జారవిడిచినచో మాత్రము, 'వీనికి శ్రద్ధ లేదు' అని పెద్దలు కసరుకొందురు. ఆ కసరుట తగదు. కొరవడినది శ్రద్ధ కాకపోవచ్చును.

చెవిని బడిన ధ్వని మనస్సున తాజాగా నిలుచు కాలము మిక్కిలి స్వల్పము. లోలోపల మరల పలుకుకొననిచో సుమారు రెండు సెకండ్లలో అది చెరగిపోవును. ఈ తాత్కాలిక స్మృతి స్వరూపమును 1974లో బ్యాడిలీ, హిచ్ అను బ్రిటిష్ మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు వివరించిరి. పెద్దలు అప్రయత్నముగనే ఆ మననము చేసికొందురు. ఏడేండ్ల లోపు పిల్లలకు సాధారణముగా ఆ అలవాటు ఇంకను కుదురుకొనదు. అందుచేతనే పెద్దలు ఆరేడు అంకెలను ఒక్కమారు విని అప్పగింపగా, నాలుగేండ్ల పిల్లలు మూడు నాలుగింటితో ఆగిపోవుదురు.

ఈ స్మృతిని పరీక్షించుటకు శాస్త్రజ్ఞులు అర్థము లేని కొత్త పదములను పిల్లలచే పలికింతురు. తెలిసిన మాటయైనచో పాత పరిచయము ఆదుకొనును గదా! నాలుగేండ్లప్పుడు అట్టి పదములను బాగుగా పలికిన పిల్లలకు ఐదేండ్లనాటికి ఎక్కువ మాటలు వచ్చియుండుట గాథర్‌కోల్, బ్యాడిలీలు 1989లో ప్రకటించిరి. స్మృతి వలన మాటలు పెరుగునా, మాటలు పెరిగినందున స్మృతి బలపడునా యను వాదము మాత్రము తీరలేదు. ఏమైనను, పసివానికి 'పుండరీకాక్ష' శబ్దము మొదటిసారి వినునప్పుడు అట్టి అపరిచిత పదమే.

మన సంథ పద్ధతి ఈ చిక్కును ఏనాడో గుర్తించినట్లున్నది. గురువు చిన్న ఖండమును ఒకమారు పలుకగా శిష్యుడు వెంటనే రెండుమారులు పలుకును. వినుటకును పలుకుటకును నడుమ ఎడము లేదు. ఖండము మోయలేనంత భారమును కాదు. ఇంటిలోనైనను 'పుండరీక' యని ఒకసారి, 'అక్షా' యని ఒకసారి పలికించి, పిదప కలిపినచో సరిపోవును. ఒక్క ఊపున నామావళి యంతయు చదివి అప్పగింపుమనుట పిల్లవానికి శిక్షయే.

దోషము ఎచ్చటనున్నదో కనిపెట్టుట తల్లికే సులభము. అక్షరముల లెక్క సరిగానుండి, 'ర'కారము మాత్రము 'ల'కారమగుచున్నచో అది నాలుక యింకను తిరుగకపోవుట. పెక్కుమందికి వయస్సుతో సర్దుకొనును. పొట్టి మాటలు చక్కగానుండి, పొడుగు మాటలే కుంటువడినచో స్మృతి సంగతి ఆలోచింపవలెను. పొట్టి మాటలు సైతము తడబడుచు, వెనుకనుండి మెల్లగా పిలిచినను తిరిగి చూడనిచో మాత్రము ముందుగా చూపింపవలసినది చెవులను. చీము కారు చెవి వినికిడిని తగ్గించుట పల్లెలలో తరచుగా జరుగునదే. 'వీని తండ్రికిని మాటలు ఆలస్యముగనే వచ్చినవి' అని ఏండ్లు గడుపుటలో, భాష నేర్చుటకు మిక్కిలి అనువైన కాలము చేజారిపోవును. చెవి వైద్యుడు వినికిడిని పరీక్షించును. వాక్చికిత్సకులు పలుకును పరిశీలింతురు. ఇట్టి నిపుణులకు శిక్షణనిచ్చుచు, చికిత్సయు జరుపు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుండి మైసూరులో నున్నది.